అక్క కల్లానికి లారీ బ్యాటరీ

నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. అందులో కరెంటు పాఠం అంటే నాకు మహా సరదా. బోర్డు మీద బ్యాటరీ గుర్తు గీసి, పక్కన ఇంగ్లీషులో చిన్న ఆర్ రాస్తాను. బ్యాటరీ లోపలే కరెంటుకు కొంత అడ్డం ఉంటుంది, దానికి గుర్తు ఆ ఆర్. "బరువు నెత్తిన పడగానే బ్యాటరీ కాస్త కుంగుతుంది, బరువు దించితే మళ్ళీ లేస్తుంది. ఈ చిన్న ఆర్‌ను మర్చిపోయినవాడికి సీటు రాదు" అని ఏటా అదే చోట, అదే గొంతుతో అంటాను. పిల్లలు ఏటా నవ్వుతారు. కొత్త పిల్లలు కదా పాపం, వాళ్ళకు అదే మొదటిసారి.

ఇంత తెలిసిన మనిషి ఒక బ్యాటరీ కొనబోయి ఏం చేశాడో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. మా స్టాఫ్ రూమ్‌లో ఈ కథ ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. నాలుగోది నాదైతే తప్పేముంది.

మా అక్క నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు పోతుంటే హైవేకి లోపలగా వాళ్ళ ఊరు. ఐదెకరాలు మిరప, రెండెకరాలు పత్తి. ఏడో తరగతితో చదువు ఆపేసింది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను కావడంతో నేనేం చెప్పినా ఆమెకు వేదం. ఉరుములు ఉరిమేటప్పుడు కరెంటు సామాన్ల ప్లగ్గులు పీకెయ్యాలని ఇంటర్‌లో ఉండగా ఒకసారి చెప్పాను. ఇప్పటికీ మబ్బు పడితే చాలు, టీవీ, ఫ్రిజ్, మిక్సీ అన్నీ పీకేసి, ఆ తర్వాత కుర్చీ ఎక్కి గోడ గడియారంలోంచి సెల్లు కూడా తీస్తుంది. అది అక్కర్లేదక్కా అని నేను ఎప్పుడూ అనలేదు. ఒక మనిషి మన మాటను అంతగా నమ్ముతుంటే బాగానే ఉంటుంది మరి.

అక్కకు ఆయాసం. చాలాకాలంగా ఉన్నదే, ఈమధ్య ముదిరింది. మిరప పండించే ఇంట్లో ఆయాసం మనిషికి దాక్కోవడానికి చోటుండదు. కాయ కోసిన దగ్గర్నుంచి టిక్కీల్లో, అంటే గోనెబస్తాల్లో, తొక్కి కుట్టేదాకా అంతా ఘాటే. డాక్టరు ముందు నోట్లో కొట్టుకునే పంపు రాశాడు. ఆమె దాన్ని సరిగా పీల్చలేకపోయేది, మందంతా నాలుక మీదే ఉండిపోయేది. పోయిన సీజను ముందు ఆవిరి మిషను రాశాడు. ముక్కూ నోరూ కప్పే మాస్కు, దానికో గొట్టం, మందు పొగలాగా లోపలికి పోతుంది. రోజుకు మూడు పూటలా పెట్టుకోవాలి, మందు పూర్తిగా అయిపోయేదాకా, అంటే ఒక్కోసారి పది పన్నెండు నిమిషాలు. "కల్లం దిక్కుకు మాత్రం పోవద్దమ్మా" అని కూడా చెప్పాడు. అక్క నా మాట వింటుంది గానీ డాక్టరు మాట వినదు.

వినకపోవడానికి కారణం ఉంది. కాయ ఎండిందో లేదో అక్క చెవితో చెబుతుంది. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తుంది. లోపల గింజ గలగలమంటే సరే, మొద్దుగా పలికితే ఇంకో రెండెండలు పడాలి. తేమ కాయ టిక్కీలోకి పోయిందంటే లోపలే బూజు పట్టి నల్లబడుతుంది, ఏడాది కష్టం నేలపాలు. బావకు ట్రాక్టర్ చప్పుడుతో చెవులు మందగించి ఎన్నేళ్ళయిందో. అందుకని కాయలు ఆరేసే ఐదారు వారాలూ ఇద్దరూ పొలంలో రేకుల షెడ్డులోనే ఉంటారు. ఇల్లు అక్కడికి మూడు కిలోమీటర్లు. షెడ్డుకు కరెంటు లేదు. పక్కన మోటారుకు త్రీఫేజ్ లైను ఉంది గానీ అది వచ్చే వేళకు వస్తుంది, పోయే వేళకు పోతుంది.

"ఆవిరి మిషను ఎట్టా నడుస్తదిరా మరి?" అని అక్క ఫోన్‌లో అడిగింది.

"నేనున్నా కదా" అన్నాను. తర్వాత జరిగిన అనర్థాలన్నీ ఆ రెండు మాటలతోనే మొదలయ్యాయి.

మామూలు మనిషైతే షాపుకు వెళ్ళి, సంగతి చెప్పి, కావలసింది తెచ్చుకుంటాడు. నేను ముందు ఒక నోటుబుక్కు కొన్నాను. వారం రోజులు వీడియోలు చూశాను. సోలార్ పలక మీద నడిచే బ్యాటరీలు ఎన్ని రకాలు, ఏది ఎంత బరువు, ఏది ఎన్నాళ్ళు వస్తుంది, అన్నీ గడులు గీసి రాశాను. లిథియం బ్యాటరీ తేలిక, ఆయుష్షు ఎక్కువ, ధర విన్నాక మా ఆవిడ నావైపు చూసిన చూపుతో ఆ గడి కొట్టేశాను. ఇళ్ళల్లో ఇన్వర్టర్లకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ మంచిదే కానీ అదీ తక్కువేం కాదు. నాలుగో పేజీలో నాకొక మహా సత్యం బోధపడింది. దానిలాగే నూటయాభై ఆంపియర్ అవర్ల కరెంటు పట్టే లారీ బ్యాటరీ దానికన్నా బాగా చవక. నూటయాభై అంటే నూటయాభయ్యే కదా. లీటరు పాలు స్టీలు గిన్నెలో ఉన్నా ఇత్తడి గిన్నెలో ఉన్నా లీటరే కదా. ఇంత చిన్న విషయం జనానికి ఎందుకు తట్టలేదా అని వాళ్ళ మీద జాలి కూడా పడ్డాను.

బ్యాటరీల షాపు మా కాలేజీకి రెండు వీధుల అవతల ఉంది. షాపాయనకు అరవై దాటి ఉంటాయి. చొక్కా ముందు భాగమంతా యాసిడ్ చుక్కలు పడి చిల్లులు. లారీ బ్యాటరీ కావాలన్నాను.

"ఏ బండికండీ?"

"బండికి కాదు. పొలంలో షెడ్డుకు. సోలార్ పెడుతున్నాం."

"అయితే లారీది వద్దండీ. ఏం నడుపుతారు, ఎంతసేపు నడుపుతారు, వాడేదెవరు? ముందు అది చెప్పండి."

"లెక్కలన్నీ వేసుకునే వచ్చానండీ" అంటూ నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని తెరవలేదు. "బండలాగుడు పందేలు చూశారా సార్ ఎప్పుడైనా?" అన్నాడు.

"ఎందుకు చూడలేదూ."

"పందెం ఎద్దు టన్నుల బండ లాగుద్ది. ఎంతసేపు లాగుద్ది? కాసేపు. దాన్ని తీసుకెళ్ళి రోజంతా పొలంలో గుంటక తోలామనుకోండి, రెండోరోజుకు పడుకుంటది. లారీ బ్యాటరీ అంటే అదండీ. సెల్ఫ్ కొట్టేదాకే దాని పని, ఆ తర్వాత ఇంజనే దాన్ని మేపుద్ది. ఈ ట్యూబులర్ చూశారూ, ఇది గుంటక ఎద్దు. లోపల ప్లేట్లు మందం. రోజూ సగానికి పైగా తోడేసి మళ్ళీ నింపినా ఏళ్ళ తరబడి ఓర్చుకుంటది. కొనే ధర చూడకండి, ఎన్నిసార్లు తోడుకోవచ్చో చూడండి. అట్టా చూస్తే ఇదే చవక."

ఆయన నాకు బ్యాటరీ పాఠం చెప్పాడు. నాకు! అదీ చిల్లుల చొక్కా వేసుకుని. ఆయన చెప్పిన దాంట్లో ప్రతి ముక్కా నిజమని నా బుర్రలో ఒక మూల తెలుస్తూనే ఉంది. కానీ నాలుగు పేజీలు రాసి తెచ్చినవాడు ఓడిపోయి వెళ్ళడం ఎట్లా?

"అవన్నీ తెలుసండీ. సగానికి కిందకు దిగకుండా జాగ్రత్తగా వాడుకుంటే లారీ బ్యాటరీ కూడా వస్తుంది" అన్నాను.

"వస్తదండీ. వాడకపోతే ఇంకా ఎక్కువకాలం వస్తది" అంటూ లోపలికెళ్ళి లారీ బ్యాటరీ తెచ్చిపెట్టాడు. అది వెటకారమని నాకప్పుడు తట్టలేదు.

ఆదివారం సోలార్ పలక, ఒక చవక ఇన్వర్టరుతో సహా సామానంతా అద్దె కారులో వేసుకుని కల్లానికి వెళ్ళాను. దిగగానే వరసగా నాలుగు తుమ్ములు. మార్టూరు నుంచి తెచ్చుకున్న విరిగిన గ్రానైట్ పలక ఒకటి షెడ్డులో ఉంటే దాని మీద బ్యాటరీని కూర్చోబెట్టాం. సోలార్ పలకను తూర్పుకు తిప్పి పెడదామన్నాడు బావ, దక్షిణం ముఖం మంచిది కాదని. ఎండ అటునుంచే ఎక్కువ పడుతుందని వాదించి దక్షిణానికే పెట్టించాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే.

ఇక సగానికి కిందకు దిగకుండా చూసే ఏర్పాటు. దానికోసం నేనొక ముల్లు మీటరు కొన్నాను. చార్జి నిండుగా ఉంటే ముల్లు కుడివైపు, తగ్గేకొద్దీ ఎడమవైపు. మా ఆవిడ గోళ్ళరంగు సీసా జేబులో వేసుకొచ్చి, అద్దం మీద సగం దగ్గర ఎర్రగా ఒక గీత గీశాను. దాన్ని చూసుకుని నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. అక్కనూ బావనూ ఎదురుగా నిలబెట్టి క్లాసు పీకాను.

"ముల్లు ఈ గీత దాటకూడదు. దాటిందా, ఏది నడుస్తుంటే అది వెంటనే ఆపెయ్యాలి. లేకపోతే బ్యాటరీ పాడైపోతుంది."

అక్క చేతులు కట్టుకుని వింది. "పాడైపోద్దా?"

"పాడైపోతుంది."

"ఎంత పెట్టి కొన్నావురా దీన్ని?"

"అదెందుకులే నీకు" అన్నాను. చవకది చూసి కొన్నానని చెప్పడానికి నామోషీ. నేను చెప్పకపోయేసరికి తమ్ముడు బోలెడు పోశాడని ఆమె అనుకుంది. బల్బు వేసి చూపించాను, ఫ్యాను వేసి చూపించాను, ముల్లు కదల్లేదు. ఆవిరి మిషను మాత్రం వేసి చూడలేదు. అది ఊళ్ళో ఇంట్లో ఉండిపోయింది, రేపు తెచ్చుకుంటాంలే అన్నాడు బావ. సరేనని గోంగూర పచ్చడితో అన్నం తిని గుంటూరు వచ్చేశాను.

ఆ తర్వాత రోజూ కాలేజీ అయిపోగానే అక్కకు ఫోన్ చేసేవాణ్ణి. ఏమని అడిగేవాణ్ణో తలచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. "ఎలా ఉందక్కా బ్యాటరీ?" అనేవాణ్ణి.

"బెమ్మాండంగా ఉందిరా. గీత దాటనియ్యట్లా."

"వెరీ గుడ్. మిషను పెట్టుకుంటున్నావా?"

"పెట్టుకుంటన్నాలే, నువ్వు చెప్పినట్టే."

ఆ మాట చెవిన పడ్డాక నాకింకేమీ వినపడేది కాదు. మాటకూ మాటకూ మధ్య ఆమె ఆగి ఊపిరి తీసుకుంటోంది, అది వినపడాలి. ఘాటుకు గొంతు పట్టింది కాబోలు అనుకునేవాణ్ణి.

మూడో వారంలో ఒక సాయంత్రం బావ మీటరు ఫోటో తీసి పంపాడు. ముల్లు ఠీవిగా కుడివైపు నిలబడి ఉంది. దాన్ని స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించాను. కెమిస్ట్రీ ఆయనకు రెండుసార్లు చూపించాను. అది చాలక మర్నాడు షాపుకు కూడా వెళ్ళాను.

"చూడండి మీ పందెం ఎద్దు! మూడు వారాల నుంచి గుంటక తోలుతున్నాం. ఇంకా కొత్తదాని మాదిరే ఉంది."

షాపాయన ఫోన్ తీసుకుని చూశాడు. కళ్ళజోడు పైకి జరిపి మళ్ళీ చూశాడు. "దీని మీద ఏం నడుస్తున్నాయండీ?"

"ఫ్యాను, రెండు బల్బులు, ఆయాసానికి మందు పీల్చే మిషను. రోజుకు మూడుసార్లు."

"మిషను నడుస్తున్నట్టు లేదండీ" అన్నాడు ఆయన ఫోన్ తిరిగి ఇస్తూ.

నాకు ఒళ్ళు మండింది. వ్యాపారం పోయిందని ఉక్రోషం అనుకున్నాను. ఆ మాట పట్టుకుని ఆ సాయంత్రమే అక్కను గట్టిగా అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

అది జరిగిన రెండో రోజు మధ్యాహ్నం క్లాసులో ఉండగా బావ ఫోన్ చేశాడు. పాఠం మధ్యలో నేను ఫోన్ ఎత్తను. మూడోసారి మోగితే ఎత్తాను. "మీ అక్కకు ఊపిరందట్లేదయ్యా. ఆటోలో పేట ఆస్పత్రికి తీసకపోతున్నా, వచ్చెయ్" అన్నాడు. చాక్‌పీసు చేతిలోనే ఉంది. అలాగే బస్సెక్కాను. చిలకలూరిపేట బయట స్పిన్నింగ్ మిల్లు ముందు లారీ అడ్డం తిరిగి ట్రాఫిక్ ఆగిపోతే దిగి పరిగెడదామా అనిపించింది. నాకు భయం వేసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు వేసేలాంటి భయం. అక్క లేకుండా పోతే అన్న ఆలోచన వచ్చి, దాన్ని తరిమేసి, మళ్ళీ వస్తే మళ్ళీ తరిమేస్తూ ఆ గంట గడిపాను.

వెళ్ళేసరికి ఆక్సిజన్ పెట్టి కూర్చోబెట్టారు. పెదాలు నల్లబడి ఉన్నాయి, భుజాలు పైకీ కిందకూ ఎగురుతున్నాయి. నర్సు వచ్చి మందు మిషను పెట్టింది, అది అయ్యాక ఇంకోసారి పెట్టింది. సాయంత్రానికి కాస్త నిమ్మళించింది. అప్పుడు డాక్టరు అడిగాడు. "మిషను మూడు పూటలా పెట్టుకుంటున్నావామ్మా?"

"పెట్టుకుంటన్నానండీ" అంది అక్క. "గీత దాటనంతసేపూ."

డాక్టరుకు అర్థం కాలేదు. నాకూ ఒక్క క్షణం అర్థం కాలేదు.

బావ చెప్పాడు. "మిషను స్విచ్చి ఎయ్యగానే ముల్లు గీత దాటిపోద్దయ్యా. దాటితే పాడైపోద్దని నువ్వే అంటివి గదా. ఈమె టపీమని ఆపేసేది. ఆపంగానే ముల్లు మళ్ళీ ఎనక్కొచ్చేది. గంట ఆగి మళ్ళీ ఏసేది, మళ్ళీ దాటేది. అట్టా ఒక్కో నిమిషం, అర నిమిషం. పాడైతే అయింది, పోనియ్యవే అంటే ఇంటేగా? తమ్ముడు అంత పోసి కొన్నాడు, మన చేతుల్లో చెడిపోతే వాడు బాధపడతాడు అంటది. ఫ్యాను కూడా నాలుగో రోజు నుంచే ఎయ్యట్లా."

బరువు నెత్తిన పడగానే కాస్త కుంగుతుంది, దించితే మళ్ళీ లేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఒకే చోట, ఒకే గొంతుతో నేను చెబుతున్న ముక్క. మిషను మోటారు లాగినప్పుడల్లా ముల్లు పడింది. నేను చవగ్గా వేసిన సన్న తీగలు ఇంకాస్త పడేశాయి. అది బ్యాటరీ ఖాళీ అవడమూ కాదు, పాడవడమూ కాదు. ఏ బరువూ లేకుండా నిలకడగా ఉన్న ముల్లుకు సరిపోయే లెక్కతో నేను గీత గీశాను. మా పిల్లలెవరైనా చేస్తే సున్నా వేసే తప్పు. ఆ తప్పు ముందు మూడు వారాలు మా అక్క ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది, నా బ్యాటరీకి ఆయాసం రాకుండా. అది కొత్తదానిలా ఉండటానికి కారణం దాన్నెవరూ వాడకపోవడమే. షాపాయన ఫోటో చూసి చెప్పిన మాటే నిజం. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నుంచి అక్క, మాస్కు లోంచి, "అన్నం తిన్నావంట్రా?" అని అడిగింది.

షాపుకు మళ్ళీ వెళ్ళినప్పుడు నా చేతిలో నోటుబుక్కు లేదు. ఏం నడుపుతారు, ఎంతసేపు, వాడేదెవరు అన్న మూడు ప్రశ్నలకూ నేనే వరసగా జవాబులు చెప్పాను. ఆయన ఎద్దుల ఊసు ఎత్తలేదు, అంతవరకూ ఆయన పెద్దమనిషి. ట్యూబులర్ బ్యాటరీ, లావుపాటి తీగలు, చార్జి మరీ దిగితే దానంతటదే ఆగిపోయే ఇన్వర్టరు ఇచ్చాడు.

"మీటరేమన్నా కావాలాండీ?" అన్నాడు.

"వద్దండీ" అన్నాను.

"మంచిది. అది చూసుకునే పని ఇన్వర్టరుది, మనిషిక్కాదు."

లారీ బ్యాటరీని బావ ట్రాక్టరుకు బిగించుకున్నాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోందట. నా తెలివితేటలన్నిటిలో బావ మెచ్చుకున్నది అదొక్కటే.

డాక్టరు కల్లం మాటే ఎత్తవద్దన్నాడు. అక్క వారం రోజులు ఇంట్లో ఉంది, ఎనిమిదో రోజు షెడ్డులో ఉంది. ఎంత అరిచినా దిగి రాదు కాబట్టి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆమె షెడ్డులోనే గాలి వచ్చే వైపు కూర్చుంటుంది. మూతికి గుడ్డ కట్టుకుంటుంది. కాయల దగ్గరకు పోదు. బావే గుప్పిట్లో కాయలు పట్టుకొచ్చి ఆమె చెవి దగ్గర ఆడిస్తాడు, ఆమె ఊఁ అనో ఊహూఁ అనో అంటుంది. మళ్ళీ వెళ్ళి ఇంకో మూల నుంచి ఇంకో గుప్పెడు తెస్తాడు. ఆయన అలా చెవి దగ్గర గలగలలాడిస్తుంటే చూసి నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను.

కొత్త సామాను బిగించడం అయ్యేసరికి మధ్యాహ్నం మందు వేళయింది. స్విచ్చి వెయ్యబోతూ అక్కను పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాను.

"ఒక్క మాట విను అక్కా. ఇకమీదట నేనేం చెప్పినా నమ్మెయ్యకు. బ్యాటరీ పోతే ఇంకోటి వస్తుంది. నీకు ఊపిరి ఆడకపోతే నా మాట తీసి పక్కన పెట్టు."

ఆమె శ్రద్ధగా వింది. "సరేలేరా, నువ్వెట్టా చెబితే అట్టానే" అంది.

నాకు తల బాదుకోవాలనిపించింది. మాస్కు పెట్టి స్విచ్చి వేశాను. మిషను గుర్రుమంది, తెల్లటి పొగ వచ్చింది. ఆమె రెండు మూడుసార్లు లోపలికి పీల్చింది. చూపు మాత్రం బ్యాటరీ మీదే ఉంది. ఒక నిమిషం అయిందో లేదో ఆమె చెయ్యి మెల్లగా స్విచ్చి మీదకు వెళ్ళింది. వెళ్ళి ఆగింది. మాస్కు కాస్త పక్కకు జరిపి, నా ముఖంలోకి చూసింది.

"ఆస్పత్రిలో లాగా, అయిపోయిందాకా ఉంచుకోవచ్చారా?"

యాభై ఆరేళ్ళ మా అక్క, ఊపిరి పీల్చుకోవడానికి, నన్ను అడిగి నా జవాబు కోసం చూస్తోంది. ఉంచుకో అక్కా అనాలి. అంతే, రెండు మాటలు. క్లాసులో గంటలకు గంటలు వాగేవాణ్ణి, ఆ రెండూ నోటికి రాక, స్విచ్చి మీది ఆమె చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకుని, మందు అయిపోయేదాకా అలాగే కూర్చున్నాను.